నాలుగు నిమిషాలు పట్టవచ్చు

నా అద్దె గది
మార్చి 4

పిన్నీ,

ఈ ఉత్తరం ఇంటికి కాకుండా నీ కుట్టు దుకాణానికి ఎందుకు రాస్తున్నానో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంటికి రాస్తే అమ్మ విప్పుతుంది, తమ్ముడు పైకి చదువుతాడు, నీ చేతికి వచ్చేసరికి అది నలుగురూ నవ్వుకునే కథ అయి కూర్చుంటుంది. ఫోన్ చేస్తే ఇంకా ఘోరం. మనింట్లో ఫోను పుట్టినప్పటి నుంచీ స్పీకర్‌లోనే మాట్లాడుతోంది.

కడుపు మండి రాస్తున్నాను. మొన్న ఫోటో స్టూడియోలో జరిగింది నువ్వూ చూశావుగా. ఆయన "ఐదే నిమిషాలు, కూర్చోండి" అన్నాడు. ఇరవై నిమిషాలు చూశాక లేచి, "ఇంకా ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగాను. మర్యాదగానే అడిగాను. అంతే, అమ్మ అందుకుంది. "దీనికి పుట్టుకతోనే ఓపిక లేదు బాబూ, ఏడో నెలకే వచ్చేసింది." తమ్ముడు "తొందరమ్మ" అన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు! ఆ మనిషి కూడా నవ్వాడు. నువ్వొక్కదానివే నవ్వలేదు. అందుకే నీకు రాస్తున్నాను.

ఎంతసేపో చెబితే నేను రెండు గంటలైనా కూర్చుంటాను పిన్నీ. చెప్పకపోతే రెండు నిమిషాలు కూర్చోలేను. ఇది ఓపిక లేకపోవడమా? నన్ను కన్నవాళ్ళకి ఇరవై మూడేళ్ళుగా ఈ తేడా అంతుపట్టలేదు.

ఫోటో వచ్చింది. అందులో నేను కాలుగాలిన పిల్లిలా ఉన్నాను, ఒప్పుకుంటాను. నువ్వేమిటి, కెమెరాని వదిలేసి పక్కనున్న గోడకేసి చూస్తున్నావు? అందరూ ఇటు, నువ్వొక్కదానివీ అటు.

చిత్రం ఏమిటంటే, ఆఫీసులో నాకిప్పుడు అప్పగించిన పని కూడా ఇదే. ఊరంతా శాఖలున్న ఒక స్కాన్ సెంటర్‌కి మేము వెబ్‌సైటు నడుపుతున్నాం. రోగులు తమ నంబరు కొడితే స్కాన్ బొమ్మ తెర మీదికి రావాలి. కొత్త బొమ్మ అయితే పది సెకన్లలో వస్తుంది. పాతదైతే ఎక్కడో అడుగున ఉన్న నిలవలోంచి లాక్కురావాలి, నాలుగు నిమిషాలు కూడా పట్టవచ్చు. ఇప్పటిదాకా తెర మీద ఒక చక్రం తిరుగుతూ ఉండేది. జనం ఆ చక్రాన్ని చూసి చూసి మళ్ళీ బటన్ నొక్కుతారు, నొక్కితే పని మొదటికొస్తుంది, దాంతో ఇంకా ఆలస్యం. అందుకని ఎంతసేపు పడుతుందో అంచనా కట్టి తెర మీద చూపించమన్నారు.

మొదటి ప్రయత్నం అభాసుపాలైంది. "ఇరవై సెకన్లు" అని మొదలైన అంకె దిగాల్సింది పోయి యాభైకి ఎక్కింది. ఒకాయన ఫిర్యాదు రాశాడు: "మీ గడియారం వెనక్కి తిరుగుతోంది. దయచేసి మంచి మెకానిక్‌కి చూపించండి."

నిన్నొకటి అడగాలి. ఇన్నేళ్ళుగా కుడుతున్నావు, దర్జీలందరూ "రేపు" అంటారు, నీ నోట ఎప్పుడూ ఆ మాట వినలేదు. ఏ రోజు ఇస్తావో నీకెలా తెలుస్తుంది?

నా పొడవు కోటు గుడ్డ నీ బీరువాలో నాలుగేళ్ళుగా పడుకుని ఉంది. దాని తేదీ మాత్రం అడగను. అడిగితే తొందరమ్మ అంటారు.

నీ పిల్ల

*

కుట్టు దుకాణం, కత్తిరింపు బల్ల మీద నుంచి
మార్చి 15

ఒసేయ్ పిట్టా,

నీ ఉత్తరాన్ని పోస్టుమ్యాను నేరుగా మిషన్ మీద పెట్టి వెళ్ళాడు. ఒక చొక్కా చెయ్యి కుడుతూ దాన్ని కూడా కలిపి కుట్టేసేదాన్ని, కాస్తలో తప్పింది.

మీ అమ్మ మాటకి అంత ఉడుక్కోకు. నీకు రెండేళ్ళప్పుడు పాలు కాగేదాకా పొయ్యి పక్కన నిలబడి "అయిందా, అయిందా" అనేదానివి. మీ అమ్మకి ఆ రెండేళ్ళ పిల్లే ఇంకా కళ్ళ ముందుంది. అమ్మలకి పిల్లల కొలతలు ఒక వయసు దగ్గర ఆగిపోతాయి. ఆ తర్వాత ఏం కుట్టినా బిగుతే.

ఫోటోలో గోడకేసి చూశానంటావా? గోడ కాదే, ఆ ఫోటోగ్రాఫరు జుట్టు. నల్లరంగు చెవుల దాకా వేసుకుని చెవులకి కూడా పూశాడు. అది వదిలేసి కెమెరాని ఏం చూడమంటావు?

ఇక నీ ప్రశ్న. నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంది. గుడ్డ తీసుకున్న రోజు, బట్ట ఇచ్చిన రోజు, ఇవే రెండు ముక్కలు. దుకాణం తెరిచిన నాటి నుంచీ రాస్తున్నాను. ఎవరైనా కోటు తెచ్చి "ఎప్పుడిస్తారు?" అంటే, ఆ బుక్కు తీసి ఆఖరి పది కోట్లు చూస్తాను. చేతులు మంచి జోరు మీదుంటే అయిదు రోజుల్లో అయిపోతుంది. ఆ అయిదు చెప్పకూడదు. అది నా గొప్ప, వాళ్ళ రోజు కాదు. పదింటిలో తొమ్మిది కోట్లు ఏ రోజుకి తయారయ్యాయో ఆ రోజు చెప్తాను. పన్నెండు అనుకో, పన్నెండు. పదో కోటు ఒకటి ఎప్పుడూ ఉంటుంది, కరెంటు పోయో, గుడ్డ కుదించుకునో. దానికి మనిషిని పంపి ముందే కబురు చెప్తాను.

ఇంకోటి. చీటీ మీద ఒకసారి రాసిన తేదీని ముందుకి జరపొచ్చు కానీ వెనక్కి జరపకూడదు. పన్నెండు చెప్పి పదికి ఇస్తే దేవతంటారు. ఎనిమిది చెప్పి తొమ్మిదికి ఇస్తే దొంగంటారు. పది కన్నా తొమ్మిది ముందే కదా అని వాదిస్తే వినేవాడు లేడు.

మధ్యలో వచ్చి అడిగితే "అవుతోంది" అనను. "కాలరు అయింది, కాజాలు మిగిలాయి" అంటాను. ఆ మాట విని కుదుటపడి వెళ్తారు. కాజా అంటే ఏమిటో సగంమందికి తెలియదు, అది వేరే సంగతి.

ఈమధ్య నాకో కొత్త పద్ధతి అబ్బింది. పొద్దున వెలుతురు బాగున్నప్పుడే పది సూదుల్లో దారం ఎక్కించి, వరసగా గుచ్చి పెట్టుకుంటున్నాను. రోజంతా హాయి. ముసలితనంలో తెలివి పెరుగుతుందంటే ఇదే కాబోలు.

నీ కోటు మరిచిపోలేదు. అది చేత్తో గుండీల కాజాలు కుట్టాల్సిన గుడ్డ. సన్నపని తీరిగ్గా చెయ్యాలి. వచ్చే ఏడాది పని తగ్గించుకుని కుడతాను. తొందరేముంది?

మీ పిన్ని

*

నా అద్దె గది
ఏప్రిల్ 11 (ఈ కాగితం పోస్టు చేయలేదు)

పిన్నీ,

ఇవాళ పొద్దున అమ్మ ఫోన్ చేసింది. మొదటిసారి స్పీకర్ ఆపి, మేడ మీదికి వెళ్ళి మాట్లాడింది.

కళ్ళద్దాల నంబరు మారుద్దామని నిన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళిందట. నీ కళ్ళలో మందు వేసి పక్క గదిలో కూర్చోబెట్టి, డాక్టరు అమ్మతో చెప్పాడట. రెండు కళ్ళలోనూ చూపు నడిమి భాగం పలచబడిపోతోందని. నడవడానికీ, తిరగడానికీ ఇబ్బంది ఉండదు. సూది, దారం, చిన్న అక్షరం, ఇవి మాత్రం ఏడాది. మహా అయితే ఏడాదిన్నర. చుక్కల మందుతో నెమ్మదిస్తుందే కానీ పోయింది తిరిగి రాదు.

అమ్మ నీకు "నెలలో తగ్గిపోతుందట" అని చెప్పింది.

"చెబితే రేపే మిషన్ మీద దుప్పటి కప్పేసి మంచమెక్కుతుంది. దాని సంగతి నాకు తెలుసు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే ఒట్టు వేయించుకుంటున్నాను" అంది. అని ఏడ్చింది. అమ్మ ఏడుస్తుంటే ఒట్టు వేయకుండా ఎలా ఉంటాను? వేశాను.

ఫోటో తీసి చూశాను. నువ్వు చూసింది జుట్టు కాదు. తిన్నగా చూస్తే కనపడక, పక్కకి చూస్తే కెమెరా కనపడి అలా చూశావు. పది సూదుల సంగతి కూడా ఇప్పుడు అర్థమైంది. పెద్ద గమనించే దాన్నని విర్రవీగుతాను. నీ ఉత్తరంలో రాసి పంపినా గమనించలేదు.

నువ్వు నాకు ఒక్క ముక్క రాయలేదు. నేను బెంగపడతానని రాయలేదు, అంతే కదా.

దీన్ని పంపను. ఇంకోటి రాస్తాను.

*

నా అద్దె గది
ఏప్రిల్ 11

పిన్నీ,

నీ పదింటిలో తొమ్మిది లెక్క మా ఆఫీసులో పనికొచ్చింది తెలుసా! నేను సగటు తీసి చూపించాను, అదీ తప్పు. సగటు చెబితే సగంమందికి చెప్పినదానికన్నా ఎక్కువ పడుతుంది, అంటే సగంమందికి నేను దొంగని. ఇప్పుడు ఒక్కో రకం బొమ్మకి వెనకటి వంద తీసి, అందులో తొంభై ఎంతలోపు వచ్చాయో ఆ అంకె వేస్తున్నాను. "నాలుగు నిమిషాలు పట్టవచ్చు" అని. కింద నీ కాజాల మాట: "బొమ్మ దొరికింది, ఇటు తెస్తున్నాం." పదోవాడికి ఆలస్యమైతే ముందే కబురు కూడా. ఇప్పుడు మళ్ళీ నొక్కినా, పేజీ మూసినా వెనక పని ఆగకుండా నడుస్తుంది.

అందరూ బాగుందన్నారు, మా మేనేజరు తప్ప. ఆయనకి మేము పెట్టుకున్న పేరు అరనిమిషం సారు. ఏది అడిగినా "అరనిమిషం" అంటాడు. సెలవు అడిగినా అంతే, జీతం పెంచమన్నా అంతే. లెక్కలు తెచ్చి నా ముందు పరిచాడు. నాలుగు నిమిషాలు అని చూపించిన చోట వందకి ముప్ఫైనాలుగు మంది పేజీ మూసేసి వెళ్ళిపోతున్నారట. చక్రం తిరిగే రోజుల్లో పన్నెండు మందే వెళ్ళేవారట.

"నిజం చెబితే ఎవరు ఆగుతారమ్మా? ఆశ చూపించాలి" అన్నాడు. ఒక నీలం పట్టీ పెట్టమంటున్నాడు. మొదట గబగబా నిండుతుంది, చివర్లో నత్తలా పాకుతుంది. ఎంత ఆలస్యమైనా పైన రాసి ఉండేది ఒకటే: "ఇంకో అరనిమిషం." ఆయన పేరే పెట్టుకున్నట్టు ఉంటుంది.

జులై దాకా గడువిచ్చాడు. ఈలోపు నా అంకె మంచిదని రుజువు చేయాలి, లేదా పట్టీ కుట్టాలి. ముప్ఫైనాలుగు మంది ఎందుకు వెళ్తున్నారో లెక్కల్లో కనపడటంలేదు. స్కాన్ సెంటర్‌కే వెళ్ళి కూర్చుని చూద్దామని ఉంది.

నువ్వెలా ఉన్నావు? ఒంట్లో బాగుందా? పని కాస్త తగ్గించుకో.

నీ పిల్ల

*

కుట్టు దుకాణం
మే 6

పిట్టా,

ఒంట్లో బాగుందా అని అడిగావు. నువ్వు పుట్టిన దగ్గర్నుంచి ఆ ప్రశ్న అడగడం ఇదే మొదలు. బాగానే ఉంది. నీకేమైంది?

మీ అరనిమిషం సారుని ఒకసారి మా వీధి మొదట్లో ఉన్న దర్జీ దగ్గరికి పంపు. ఇద్దరూ ఒకే కత్తెరతో కత్తిరించిన గుడ్డలే. ఆయన ఒక పెళ్ళికొడుక్కి "రేపే రేపే" అంటూ పెళ్ళి రోజు దాకా లాక్కొచ్చి, ఒక చెయ్యి లేని కోటు ఇచ్చాడు. పెళ్ళికొడుకు ఆ చేతిని పూలగుత్తి వెనక దాచి ఫోటోలు దిగాడు.

ఇక్కడ కబుర్లంటావా. బల్ల మీదికి కొత్త దీపం కొన్నాను, మెడ వంచితే వంగుతుంది, మీ తమ్ముడి కన్నా మాట వింటుంది. మందుల షాపులో పనిచేసే ఆవిడ, నలభై ఏళ్ళుంటాయి, నా దగ్గర కోటు పని నేర్చుకుంటానని వచ్చింది. చేతులు చూశాను. మంచి చేతులు, వణుకు లేదు. ఇప్పుడు కాదమ్మా, వచ్చే ఏడాది చూద్దాం అన్నాను. నేర్పడమంటే నా పని సగం ఆగుతుంది. ఇంకా నా చేతిలో బోలెడు ఏళ్ళున్నాయి, ఆవిడా ఎక్కడికీ పోదు.

మీ అమ్మ ఈ మధ్య నా మీద తెగ ప్రేమ కురిపిస్తోంది. నిన్న నా గిన్నె కూడా తనే కడిగింది. నలభై ఏళ్ళలో అక్క నా గిన్నె కడగడం నేను చూడలేదు. వర్షం పడుతుందేమో అని గొడుగు తీసుకెళ్ళాను.

సెంటర్‌కి వెళ్ళి కూర్చుంటానన్నావు, అది మంచి మాట. గుడ్డ గురించి తెలియాలంటే గుడ్డని ముట్టుకోవాలి.

మీ పిన్ని

*

స్కాన్ సెంటర్, వెయిటింగ్ హాలు, మూల కుర్చీ
జూన్ 18

పిన్నీ,

మూడు రోజులుగా ఇక్కడే కూర్చుంటున్నాను. ఒళ్ళో ఈ కాగితం, ఎదురుగా నాలుగు కంప్యూటర్లు. జనం వచ్చి తమ నంబరు తామే కొట్టుకుని బొమ్మ చూసుకునే చోటు. కౌంటర్లో అమ్మాయి నన్ను రోగిని అనుకుని రెండుసార్లు మంచినీళ్ళిచ్చింది.

నాకు తెలిసింది చెప్తాను, ఆగు. వరసలో చెప్పకపోతే నీకు రుచించదు.

మొదటి రోజు ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ఖాకీ చొక్కా, జేబులో దువ్వెన. మోకాలి బొమ్మ, పాతది. నంబరు కొట్టాడు. తెర మీద "నాలుగు నిమిషాలు పట్టవచ్చు" అని వచ్చింది. ఒక్క క్షణం చూసి, పేజీ మూసేసి, లేచి బయటికి నడిచాడు. ముప్ఫైఅయిదో వాడు, అనుకున్నాను. అరనిమిషం సారే గెలిచాడు.

ఆయన తలుపు దాకా వెళ్ళాడు. కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాడు. దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. భార్యకి ఫోన్ చేసి, "ఆఁ, ఇంకో మూడు నిమిషాల్లో వచ్చేస్తుందట, చూసి చెప్తాలే, నువ్వు తిను" అన్నాడు. వచ్చి మళ్ళీ కూర్చుని నంబరు కొట్టాడు. ఈలోగా బొమ్మ వచ్చి సిద్ధంగా ఉంది. టక్కున తెరుచుకుంది. చూసుకుని, మోకాలు తట్టుకుని, వెళ్ళిపోయాడు.

పిన్నీ, మా లెక్కల్లో ఆయన వెళ్ళిపోయినవాడు! తిరిగి వచ్చినాయన ఇంకొకడు! మా కంప్యూటరుకి ఒకే మనిషి ఇద్దరు. పేజీ మూయగానే వాణ్ణి వదిలేసినవాళ్ళ జాబితాలో వేసేస్తుంది, మళ్ళీ వస్తే కొత్త మనిషి అనుకుంటుంది. మూడు నెలలుగా ఇంత చిన్న సంగతి మాలో ఒక్కరం చూడలేదు.

ఆ తర్వాత అందరూ అలాగే కనపడ్డారు నాకు. ఒక తల్లి పిల్లకి జడ అల్లి వచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు బయటికెళ్ళి, ఎవరు అమ్మని చూసుకోవాలో తేల్చుకుని, మొహాలు తేలిక చేసుకుని వచ్చారు. ఒక ముసలాయన ఎక్కడికీ వెళ్ళలేదు. కళ్ళు మూసుకుని నాలుగు నిమిషాలు నిద్రపోయాడు, నిజంగా, సన్నగా గురక కూడా. చక్రం తిరుగుతున్న రోజుల్లో ఎవడు నిద్రపోగలడు?

పక్క శాఖలో నీలం పట్టీని పరీక్షకి పెట్టారు. నిన్న మధ్యాహ్నం నుంచి అక్కడా కూర్చున్నాను. అక్కడ ఒకరిద్దరు తప్ప ఎవరూ లేవరు. లెక్కల్లో చూస్తే భలే బాగుంటుంది, అందరూ ఆగారు అని. వాళ్ళ మొహాలు చూడు కానీ. "ఇంకో అరనిమిషం" అన్న మాట ఆరోసారి చదివాక ఒకావిడ తెరని చేత్తో తుడిచింది, మరక వల్ల సరిగ్గా కనపడలేదేమోనని. లేచినవాళ్ళు మాత్రం మళ్ళీ రాలేదు. సాయంత్రం దాకా చూశాను.

నిన్న రాత్రి గదికి వచ్చి పాత లెక్కలన్నీ స్కాన్ నంబరుతో జతపరిచాను. నా అంకె చూసి వెళ్ళిపోయారన్న ప్రతి వందమందిలో ఎనభైఒక్కమంది పది నిమిషాల్లోపు తిరిగొచ్చి అదే బొమ్మ చూశారు. వాళ్ళు వదిలేసి వెళ్ళలేదు. ఎంతసేపో తెలిసింది కాబట్టి ఆ కాసేపూ తమ పని చూసుకుందామని వెళ్ళారు.

రేపు ఇవి తీసుకుని అరనిమిషం సారు గదిలోకి వెళ్తున్నాను.

ఈ మాట రాసి అరగంట అయింది. ఇంకేదో రాయాలని కలం పట్టుకుని కూర్చున్నాను, రాలేదు. నీ కొత్త దీపం బాగా వెలుగుతోందా? మందుల షాపు ఆవిడకి వచ్చే ఏడాదని ఎందుకు, ఇప్పుడే నేర్పకూడదూ? ఊరికే అడిగాను.

నీ పిల్ల

*

కుట్టు దుకాణం
జులై 2

పిట్టా,

నా గీతలు వంకర పోతున్నాయి, సర్దుకుని చదువు. ఈ ఉత్తరం రాయడానికి రెండు రోజులు పట్టింది.

ఊరికే అడగడం నీకు చేతకాదు. చిన్నప్పుడు కూడా ఊరికే అడిగినప్పుడల్లా వెనక ఒక గ్లాసు పగిలి ఉండేది.

నిన్న నీ ఉత్తరాలన్నీ బల్ల మీద వరసగా పరిచి టేపు పెట్టి కొలిచాను. నవ్వకు. మార్చి ఉత్తరంలో అంగుళానికి నాలుగు వరసలు, చీమలబారు. నువ్వెప్పుడూ రాసేది అంతే, కాగితం అయిపోతుందేమోనన్నట్టు. ఏప్రిల్ ఉత్తరంలో అంగుళానికి రెండు. నీలం సిరా పోయి నల్ల సిరా, లావు పాళీ. జూన్ ఉత్తరమైతే బోర్డు రాసేవాడు రాసినట్టుంది. దీపం లేకుండా చదివాను.

నా కళ్ళ గురించి నేను నీకు ఒక్క ముక్క రాయలేదే పిల్లా. బెంగపడతావని దాచాను. మరి నీ అక్షరాలు ఎవరి కోసం పెరిగాయి?

మీ అమ్మ చెప్పి ఉంటుంది. చెప్పింది కాక, చెప్పొద్దని కూడా చెప్పి ఉంటుంది. ఏప్రిల్లో నాతో "నెలలో తగ్గిపోతుంది" అంది. మేలో "ఇంకో నెల" అంది. మొన్న "ఇంకొక్క నెలే" అంది. మీ అరనిమిషం సారు మనింట్లో ఎప్పుడు చేరాడే?

అక్కని తిట్టను. దాన్ని చూస్తున్నాను, నా కళ్ళల్లో చుక్కలు వేయబోయి సగం బుగ్గ మీద పోస్తోంది. భయం దానిది. చెబితే నేను మిషన్ మూసేసి మంచమెక్కుతానని అనుకుంటోంది. ఎక్కుతానేమో కూడా, ఒక రోజు, రెండు రోజులు. ఎక్కనీ. నీ డ్రైవరు లేచి వెళ్ళలేదూ? మొహం కడుక్కుని, తల దువ్వుకుని తిరిగి రాలేదూ? నేను మాత్రం రానని మీకెవరు చెప్పారు?

ముప్ఫై ఏళ్ళుగా ఎంతమంది నా బల్ల ముందు నిలబడి "ఎప్పుడు?" అన్నారో. ఒక్కరికీ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు నేను నిలబడి అడుగుతున్నాను. గుడ్డ ఎంత మిగిలిందో తెలియకుండా ఏం కత్తిరించను నేను? ఎంతో తెలిస్తే దాన్నిబట్టి కుడతాను. కోటు రాకపోతే చొక్కా. చొక్కా రాకపోతే జేబు.

నా సూది ఇంకెంతకాలం? పదింటిలో తొమ్మిది లెక్క చెప్పు.

మీ పిన్ని

*

నా అద్దె గది
జులై 7

పిన్నీ,

డాక్టరు చెప్పింది ఇది. సూది, దారం, చిన్న అక్షరం, ఇవి ఏప్రిల్ నుంచి ఏడాది. మహా అయితే ఏడాదిన్నర. అందులో మూడు నెలలు అయిపోయాయి, ఆ మూడూ నేను దాచినవి. రెండు కళ్ళలోనూ చూపు నడిమి భాగం పలచబడుతోంది. నడవడానికీ, తిరగడానికీ ఇబ్బంది రాదన్నాడు. చుక్కలు వేసుకుంటే నెమ్మదిస్తుంది, పోయింది తిరిగి రాదు. చుక్కలు మానకు.

నాకు తెలిసింది ఇంతే. పదింటిలో తొమ్మిది లెక్క నా దగ్గర లేదు, అది డాక్టరు నోట రావాలి. శనివారం పొద్దున్న బస్సుకి వస్తున్నాను. పదకొండింటికి ఆయన దగ్గర మన పేరు రాయించాను. మనిద్దరమే వెళ్తాం. నువ్వే అడుగు. పక్క గదిలో ఎవరూ కూర్చోరు.

ఏప్రిల్లో నీకు రాసి, పోస్టు చేయని కాగితం ఒకటి దీంతో పెడుతున్నాను. అది చిన్న అక్షరాల్లో ఉంది. దీపం కింద చదువుకో.

ఆఫీసు సంగతి అడుగుతావు కాబట్టి. అరనిమిషం సారు ఎనభైఒక్కమందినీ చూశాడు. "సరే" అనలేదు, "చూద్దాం" అన్నాడు. నా అంకెని ఒక శాఖలో మూడు నెలలు ఉండనిస్తాడట. నీలం పట్టీ మాత్రం నేను రాయనని చెప్పాను. వేరేవాళ్ళకి ఇస్తానన్నాడు. ఇచ్చుకోమన్నాను.

మందుల షాపు ఆవిడని సోమవారం నుంచి రమ్మను. నా కోటు గుడ్డ బీరువాలోంచి తియ్యి. శనివారం సాయంత్రం కొలతలకి నిలబడతాను, నాలుగేళ్ళ కిందటి కొలతలు ఇప్పుడు పనికిరావు. చీటీ మీద తేదీ రాసివ్వు. కాజాలన్నీ నువ్వే కుట్టాలని లేదు, ఆవిడకి రెండు వదిలెయ్యి, వంకరగా వచ్చినా వేసుకుంటాను.

అమ్మకి ఇవాళ ఫోన్ చేశాను. స్పీకర్‌లోనే ఉంది, నీకంతా రాస్తున్నానని, శనివారం వస్తున్నానని అలాగే చెప్పాను, తమ్ముడు కూడా విన్నాడు. అమ్మ "నీ నోట్లో నువ్వుగింజ నానదని నాకు ముందే తెలుసు" అంది. మూడు నెలలు నానింది అన్నాను. ఆ తర్వాత, శనివారం ఎన్ని గంటల బస్సు అని అడిగింది. చెప్పాను.

ఒట్టు తప్పాను. ఇకమీదట నీ కళ్ళ గురించి నాకు ఏది తెలిసినా అదే రోజు నీకు చెప్తాను.

తొందరమ్మ